బయట వాన

"పడవ మేకలాంటిది," అన్నాడు లార్న్, ఒడ్డున వరసగా నిలబడ్డ టూరిస్టులకి తెడ్డు చూపిస్తూ. "మధ్యలో బుద్ధిగా కూర్చుంటే చెప్పిన మాట వింటుంది. లేచి నిలబడి ఫొటో దిగుదామనుకున్నారో..."

"పొడుస్తుంది," అంది వెనక వరసలోంచి ఒక ఆడగొంతు.

టూరిస్టులు గొల్లుమన్నారు. లార్న్‌కి ఒళ్ళు మండింది. ఆ నవ్వు తనకి రావలసింది. పొద్దుట్నుంచీ చన్నీళ్ళలో కాళ్ళు నానబెట్టుకునే ఉద్యోగంలో అతనికి మిగిలే లాభం ఆ నవ్వొక్కటే.

"మేడమ్, జోకులు మీరే వేసేస్తే జీతం కూడా మీరే తీసుకోండి," అన్నాడు.

"అబ్బే, కానివ్వండి. చీపురు ఇంకా రాలేదుగా."

లార్న్ తెడ్డు దించాడు. చీపురు అతని ఉపన్యాసంలో ఆఖరి ముక్క. అది ఈవిడకెలా తెలుసు?

ఆమె వాన కోటు టోపీని తలమీద నుంచి వెనక్కి తోసుకుంది. నెరిసిన జడ. ఎడమ కనుబొమ్మని రెండుగా చీల్చిన చిన్న మచ్చ. ఆ మచ్చ పెట్టింది లార్నే. ఈ ఊరికి వచ్చిన మొదటి రోజున, తెడ్డు ఎటు తిప్పాలో తెలియక.

"తెడ్డుని చీపురులా పట్టుకోకండి," అన్నాడు లార్న్.

"ఈ నదిని ఊడ్చేసినవాడు ఇంతవరకూ పుట్టలేదు," అని ఆమె పూర్తి చేసింది. "ఇరవయ్యేళ్ళు దాటిపోయింది లార్న్! నేను రాసిచ్చిన జోకులకి ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, కొత్తది కలపలేదా నువ్వు?"

"పాతవే ఇంకా అరగలేదు, కొరీన్."

టూరిస్టులు ఇద్దరి మొహాలూ మార్చిమార్చి చూశారు. వాళ్ళకి ఈ జోకు అర్థం కాలేదు.

*

రాకర్ బెండ్ ఒకప్పుడు బంగారం పిచ్చితో పుట్టిన ఊరు. యూకాన్ నది వంపు తిరిగే చోట ఎవడో పళ్ళెంలో మట్టి కడిగితే నాలుగు పసుప్పచ్చని రేణువులు కనబడ్డాయట. అంతే, వేలమంది వచ్చిపడ్డారు. బంగారం అయిపోయింది, వచ్చినవాళ్ళు పోయారు. పోవడానికి చేతకానివాళ్ళు మిగిలి, దాన్నే ఊరన్నారు.

ఇప్పుడు వచ్చేవాళ్ళు పడవలెక్కడానికి, కొండలెక్కడానికి, సైకిళ్ళ మీద పాత గనుల బాట పట్టడానికి వస్తారు. చెక్క బాటల మీద టకటకమని నడుస్తారు. మెయిన్ వీధిలో నేలకింద మంచు కరిగి, రెండు పాత దుకాణాలు ఒకదాని భుజం మీద ఒకటి వాలిపోయి ఉంటాయి. టూరిస్టులు వాటి ముందు ముద్దులు పెట్టుకుంటూ ఫొటోలు దిగుతారు. వాళ్ళ కంటికి అది ప్రేమ. ఊరివాళ్ళ కంటికి పునాది లేకపోవడం.

లార్న్ ఊరివాళ్ళ పక్షం. కనీసం ఆ ఉదయం వరకూ.

"నాకో పడవ కావాలి," అంది కొరీన్, టూరిస్టులందరినీ నీళ్ళలోకి తోసేశాక. "నాన్న బంగారం తవ్వుకున్న క్లెయిమ్ దాకా వెళ్ళి చూసొస్తా. రేపు మధ్యాహ్నం నది దాటించే పంటుకి వెళ్ళిపోవాలి."

"రేపేనా?"

"ఎడ్మంటన్లో జనం నోళ్ళు తెరుచుకుని నాకోసం చూస్తుంటారు. పళ్ళ డాక్టరు దగ్గర పని చేస్తున్నాగా."

"ఒక్కదానివే వెళ్ళడానికి వీల్లేదు. గాలి ఉంది. రూలు."

"ఆ రూలు పెట్టింది నేనే."

"అందుకే పాటిస్తున్నా."

పక్కనే హేజెల్ హోటలు. పడవల షెడ్డు కూడా ఆవిడదే. డెబ్భై దాటినా కిటికీలోంచి ఊరంతటినీ చూసుకునే మనిషి. ఆ కిటికీలోంచే కేకేసింది: "ఒరే చీచాకో! ఆ పిల్లకి ముందు తిండి పెట్టనివ్వరా, తర్వాత ముంచుదువు గాని!"

చీచాకో అంటే ఆ దేశంలో కొత్తగా ఊడిపడ్డవాడు. పాతకాపుల్ని పులిసిన పిండి అంటారు. నది గడ్డకట్టడం, మళ్ళీ పగలడం రెండూ చూసినవాడికి ఆ బిరుదు వచ్చేస్తుంది. లార్న్ అవి ఎన్నిసార్లు చూశాడో అతనికే గుర్తులేదు. అయినా హేజెల్ నోట అతనింకా చీచాకోనే.

"నేను పులియడానికి ఇంకేం చెయ్యాలి హేజెల్?" అన్నాడు లార్న్, పాన్‌కేకు ముందు కూర్చుంటూ.

"పిండికి ఉన్నపాటి చురుకు నీకుంటే ఎప్పుడో పులిసేవాడివి. పిండి పొంగాలనుకుంటే పొంగుతుంది. నీలా ఆలోచిస్తూ కూర్చోదు."

ఆ పిండి మామూలు పిండి కాదు. బంగారం రోజుల్లో ఎవరో మట్టిజాడీలో పులియబెట్టిన పిండి, రోజూ కొంచెం తీసి, కొంచెం కలిపి, చేతులు మారుతూ అలాగే వస్తోంది. పొయ్యి పైన అల్మారాలో దుప్పటి కప్పుకుని కూర్చుంటుంది. అదే ఉదయం ఒక టూరిస్టు పెద్దమనిషి ఒక్క చెంచాడు పిండి సీసాలో పోసివ్వమని అడిగాడు.

"మా పిండి పంటు ఎక్కదు బాబూ," అంది హేజెల్. "తిని వెళ్ళు."

ఆవిడ అంతకుముందు ఒక గవర్నరుకి కూడా అదే సమాధానం చెప్పిందని ఊళ్ళో అనుకుంటారు.

*

పడవ దగ్గర మళ్ళీ తగాదా. ఇద్దరూ వెనక సీటు వైపే నడిచారు. పడవని నడిపేది వెనక కూర్చున్న మనిషి.

"వెనక నాది," అంది కొరీన్.

"నువ్వు టూరిస్టువి. ముందు."

"నిన్ను కాలరు పట్టుకుని ఈ నదిలోంచి పైకి లాగిందెవరు?"

"అప్పుడు నువ్వు ఊరిపిల్లవి, నేను టూరిస్టులాంటివాణ్ణి. ఇప్పుడు తిరగబడింది."

కొరీన్ తెడ్డు తీసుకుంది. వెళ్ళి ముందు కూర్చుంది. ఆ మాట అనకుండా ఉండవలసిందని లార్న్‌కి ఒడ్డు దాటాక తోచింది. అతనికి ఏ సంగతైనా ఒడ్డు దాటాకే తోచేది.

నది బూడిదరంగులో, బరువుగా, తన పని తను చూసుకుంటూ పోతోంది. గట్లపొడుగునా ఫైర్‌వీడ్ పూలు. ఆ గులాబీ రంగు పువ్వు కాడ అడుగునుంచి మొదలుపెట్టి పైకి పూసుకుంటూ పోతుంది. కొస దాకా పూసిందంటే వేసవి అయిపోయినట్టే. ఇప్పుడు కొసన నాలుగు రేకులే ఉన్నాయి. కింద అంతా తెల్లని దూది.

లార్న్‌కి ముందున్న మనిషి జడ తప్ప ఏమీ కనబడటం లేదు. తను ఈ ఊరికొచ్చిన ఆ వేసవి కూడా ఇలాగే. కాకపోతే అప్పుడు ముందు తను, వెనక ఆమె. వీపు మీద తెడ్డుతో నీళ్ళు చల్లేది. తిరిగి చూస్తే మొహం అమాయకంగా పెట్టేది. గోధుమ చేల మధ్య పుట్టి, బడి మధ్యలో వదిలేసి, నీళ్ళంటే కుండలో చూడటమే తప్ప ఎరగని కుర్రాడికి పడవ నేర్పింది, జోకులు నేర్పింది, వాన వచ్చేముందు గాలి వాసన ఎలా మారుతుందో నేర్పింది. ఒకటి మాత్రం నేర్పలేదు.

"నువ్వొక్క మాట అని ఉంటే చాలు," అంది కొరీన్ ఉన్నట్టుండి, నదితో అన్నట్టు.

"ఏ మాట?"

"ఏదైనా సరే. నువ్వన్న మాట తప్ప."

"నేనేమన్నాను?"

తెడ్డు నీళ్ళని కాస్త గట్టిగా కొట్టింది. "మర్చిపోయావన్నమాట! నాన్న క్లెయిమ్ అమ్మేశాడు. సామానంతా ట్రక్కులో వేశాం. నేను వానలో నీ షెడ్డు దాకా పరిగెత్తుకొచ్చి, గుమ్మంలో నిలబడి, 'బయటికి వెళ్తున్నా లార్న్, నాతో వస్తావా?' అనడిగాను. ఒక ఆడపిల్ల అంతకంటే ఏమని అడుగుతుంది? నువ్వేమో పడవకి తారు పూస్తూ, తలైనా ఎత్తకుండా..."

"బయట వాన. నేను లోపలే ఉంటా, నువ్వెళ్ళిరా," అన్నాడు లార్న్ మెల్లగా.

"గుర్తుందిగా మరి!"

"మర్చిపోతేగా."

"అంత తేలిగ్గా ఎలా అన్నావు? ఆ వాన సాకు కూడా ఎందుకు? రానంటే అయిపోయేదిగా!"

"సాకు కాదు కొరీన్. నిజంగా వాన పడుతోంది."

"ఏంటీ?"

"నేనొచ్చి అప్పటికి ఒక్క వేసవి. మా సస్కచ్వాన్లో బయట అంటే గుమ్మం అవతల. కోళ్ళు తిరిగే చోటు. ఈ ఊళ్ళో బయట అంటే కొండలు దాటిన ప్రపంచం మొత్తం అని నాకెవరు చెప్పారు? నువ్వు నడకకి పిలుస్తున్నావనుకున్నా. ఆ కుండపోతలో. పిచ్చిపిల్ల, తడిసి జ్వరం తెచ్చుకుంటుందనుకున్నా."

తెడ్డు ఆగిపోయింది.

పడవ తనంతట తను కొంతదూరం పోయింది. ముందున్న భుజాలు కదులుతున్నాయి. నవ్వో, ఏడుపో వెనకనుంచి ఎలా తెలుస్తుంది? పడవలో లేచి మొహం చూడబోతే పొడుస్తుందని ఆమే రాసింది.

"నడకకి!" అంది చివరికి. నవ్వే. కానీ మధ్యమధ్య తెగుతోంది. "నేను జీవితం అడిగితే, నువ్వు నడకనుకున్నావు!"

"ఊఁ."

"మరెప్పుడు తెలిసింది?"

"మంచు పడ్డాక. మంగలి ఓలాఫ్ హోటల్లో కూర్చుని, పన్ను పీకించుకోడానికి బయటికి వెళ్తున్నా అన్నాడు. ఇంత చలిలో వాకిట్లో పళ్ళు పీకుతారా అని అడిగాను. హోటలంతా పడీపడీ నవ్వారు. నేను కూడా నవ్వబోయాను. సగంలో అర్థమైంది."

"రావచ్చుగా అప్పుడైనా!"

"నదిలో మంచు పలకలు మొదలయ్యాయి. పంటుని ఒడ్డుకి లాగేశారు. నది పూర్తిగా గట్టిపడి, దానిమీద ట్రక్కులు నడిచే వేళకి నీకు పెళ్ళి కుదిరిందని హేజెల్ చెప్పింది."

కొరీన్ ముందుకి వంగింది. తెడ్డు మళ్ళీ కదిలింది.

"కోపంతో చేసుకున్నాలే," అంది. "కోపం పదేళ్ళు నిలిచింది. పెళ్ళి అంతకాలం కూడా నిలవలేదు." రెండుసార్లు తెడ్డు వేసి, "మనూరి వాళ్ళెవరైనా పళ్ళకోసం వస్తే నీ గురించి అడిగేదాన్ని. నోట్లో దూది పెట్టాక అడిగేదాన్ని, కోతలు కొయ్యకుండా."

"ఏం చెప్పేవాళ్ళు?"

"తల అడ్డంగా ఊపేవాళ్ళు. పెళ్ళి కాలేదనో, బాగుపడలేదనో, నాకెప్పుడూ తెలిసేది కాదు."

"రెండూ," అన్నాడు లార్న్.

*

క్లెయిమ్ దగ్గర చెక్క గుడిసె సగం కుంగిపోయి ఉంది. యంత్రాలు తవ్విపోసిన గులకరాళ్ళ దిబ్బలు వాగు పొడుగునా పాముల్లా పడి ఉన్నాయి. కొరీన్ గుడిసె చుట్టూ ఒకసారి తిరిగింది. మేకుకి వేలాడుతున్న తుప్పుపట్టిన పళ్ళెం తీసి, వాగులో మోకాళ్ళ మీద కూర్చుని మట్టి కడగటం మొదలుపెట్టింది. చేతులు మర్చిపోలేదు. ఒక ఊపు, ఒక వంపు, మట్టి నీళ్ళతో పోతుంది, బరువైనది అడుగున ఆగుతుంది.

ఆగింది. చీమతలకాయంత.

"చూశావా, నాన్న కళ్ళు గప్పి దాక్కుంది!" ఆ రేణువుని తడివేలికి అంటించుకుని, లార్న్ ముక్కు మీద అద్దింది. "ఇదుగో, నీ వాటా. కూలి లేకుండా పడవ నడిపావుగా."

ఆమె మొహం దగ్గరగా ఉంది. కనుబొమ్మ మచ్చ కూడా. నీళ్ళకి ఎర్రబడ్డ చేతులు అతని కోటు మీద ఆరబెట్టుకుంటూ, కదలకుండా నిలబడింది. అడగమన్నట్టే నిలబడింది. అది కోళ్ళకైనా తెలిసేది.

లార్న్ దారి వైపు చూశాడు. "చలి పెరుగుతోంది," అన్నాడు. "మనల్ని తీసుకెళ్ళడానికి హేజెల్ ట్రక్కు వచ్చే వేళైంది."

కొరీన్ చేతులు తీసేసింది.

ట్రక్కు వచ్చింది. పడవ పైకెత్తి కట్టారు. ముగ్గురూ ఒకే సీట్లో ఇరుక్కుని కూర్చున్నారు. సగం దారిలో హేజెల్ లార్న్ వైపు తలతిప్పి చూసి, "ముక్కు మీద బంగారం పెట్టుకుని ఆ దరిద్రపు మొహమేంట్రా?" అంది.

*

కొరీన్ మేడ మీది గదికి వెళ్ళిపోయాక హేజెల్ చేతిగుడ్డ బల్ల మీద విసిరింది.

"అడిగావా?"

"ఏమని అడగను? ఉండమనా? ఇక్కడేముందని? నెలల తరబడి చీకటి, చలి, నేను."

"అయితే నువ్వెళ్ళు."

"బయట నేనేం చేస్తాను హేజెల్? చదువా, లేదు. ఈ నది తప్ప నాకేమీ రాదు. అది కూడా తను నేర్పితే వచ్చిందే."

"ఏం చేస్తావో తర్వాత చూసుకుందువు గాని. ముందెళ్ళి పళ్ళు పీకించుకో. ఆ చివరి పన్ను పుచ్చిపోయి ఎన్నాళ్ళైంది?"

లార్న్ విసురుగా లేచి షెడ్డుకి పోయాడు. కోపం హేజెల్ మీద కాదు. ఇన్నేళ్ళూ పొరపాటు ఒక మాట మీదికి నెట్టేసి బతికాడు. బయట అనే మాట తెలియక పోయిందన్నాడు. మరి ఈ రోజు వాగు ఒడ్డున తెలియని మాటేముంది? అన్నీ తెలిసినవే. నోరే పెగల్లేదు.

చొక్కాలు, రేజరు, కంబళి. సంచి నిండటానికి ఎక్కువసేపు పట్టలేదు. ఒక మనిషి బతుకంతా అంత చిన్న సంచిలో పట్టేసినందుకు కాస్త సిగ్గేసింది.

*

మర్నాడు వాన. నది, ఆకాశం ఒకే రంగులో కలిసిపోయాయి. లార్న్ షెడ్డు తాళాలు ఇద్దామని హోటలుకి వెళితే హేజెల్ లేదు. పొయ్యి పైన అల్మారా కూడా ఖాళీగా ఉంది. జాడీ కడగటానికి తీసుకెళ్ళిందేమో అనుకుని, తాళాలు బల్ల మీద పెట్టి, సంచి భుజాన వేసుకుని పంటు రేవుకి నడిచాడు. కొంతదూరం నడిచి, తర్వాత పరిగెత్తాడు.

పంటు ఎక్కే వరసలో మొదటిది కొరీన్ వచ్చిన ట్రక్కే. కిటికీ అద్దం సగం దించి ఉంది.

"కొరీన్!" అన్నాడు రొప్పుతూ. టోపీ అంచునుంచి నీళ్ళు మెడలోకి కారుతున్నాయి. దారంతా కూడబలుక్కున్నవన్నీ ఎటో పోయాయి. ఒక్క ముక్క మిగిలింది. "నేను కూడా బయటికి వస్తున్నా. నీతో."

కొరీన్ అతన్ని చూసింది. సంచిని చూసింది. తర్వాత తీరిగ్గా తల ఎత్తి ఆకాశంలోకి చూసింది.

"బయట వాన, లార్న్," అంది. "నేను లోపలే ఉంటా."

లార్న్ తల ఊపాడు. న్యాయమే. తనన్న మాటే తనకి తిరిగొచ్చింది. వడ్డీ కూడా వెయ్యలేదు.

"సరే," అన్నాడు. "జాగ్రత్తగా వెళ్ళు. అవతలి ఒడ్డున రోడ్డు జారుతుంది." వెనక్కి తిరిగాడు.

"ఎక్కుతున్నారా, లేదా?" పంటు మీది మనిషి అరిచాడు.

"ఎక్కట్లేదు!" అని కొరీన్ అరిచింది. "ఒరేయ్ లార్న్! ఎక్కడికి పోతున్నావు?"

"షెడ్డుకి."

"ఇన్నేళ్ళుండి కూడా నీకు ఈ ఊరి మాట వంటబట్టలేదా? బయట అంటే ఏంటి?"

లార్న్ నది అవతలి కొండల వైపు చూపించాడు.

"మరి లోపల అంటే?"

అతను నోరు తెరిచాడు. ఆమె కూర్చున్న ట్రక్కు లోపలికి చూశాడు. ఆమె ఒళ్ళో, పసిపిల్లలా దుప్పట్లో చుట్టి, హేజెల్ మట్టిజాడీ ఉంది.

మా పిండి పంటు ఎక్కదు. లోపల అంటే ఈ ఊరే.

"అర్థమైందా, ఇంకో ఇరవయ్యేళ్ళు కావాలా?" అంది కొరీన్. ఆమె కళ్ళు కూడా తడిగా ఉన్నాయి, అద్దం పూర్తిగా ఎత్తలేదు కాబట్టి వాన మీదికి నెట్టెయ్యొచ్చు. "హేజెల్ ఆంటీ ఈ చలికాలం చెల్లెలి దగ్గరికి బయటికి వెళ్తుందట. పిండి చూసుకునే మనిషి కావాలంది. హోటల్లో జనానికి తీపి పాన్‌కేకులు తినిపించే పని చెయ్యగలవా అంది. పళ్ళు పాడుచేసే విద్య నాకు బాగా తెలుసన్నాను."

"మరి ఈ వరసలో ఎందుకు నిలబడ్డావు?"

"నువ్వొస్తావో రావో చూద్దామని. వాన కదా, రావని హేజెల్ ఆంటీ పందెం."

"రాకపోయి ఉంటే?"

కొరీన్ నవ్వు ఆగింది. "జాడీ ఆవిడకి ఇచ్చేసి ఎక్కేసేదాన్ని," అంది. అది హాస్యం కాదని లార్న్‌కి తెలిసింది. మొదటిసారి, ఒడ్డు దాటకముందే.

రేవు పైన గొడుగు కింద హేజెల్ నిలబడి ఉంది. పందెం ఓడిపోయిన మొహం కాదది. "ఒరే!" అని కేకేసింది. ఈసారి ఆ 'ఒరే' పక్కన చీచాకో అనే మాట లేదు. "సంచి తడుస్తోంది, చూసుకో!"

పంటు కూత పెట్టి, వాళ్ళని వదిలేసి కదిలింది.

"లోపలికి రా, తడుస్తున్నావు," అంది కొరీన్.

లార్న్ తలుపు మీద చెయ్యి వేసి ఆగాడు. ఈసారి అడిగి తెలుసుకోవడం మంచిదనిపించింది.

"ఏ లోపలికి?"

"రెండింట్లోకీ," అంది కొరీన్, అటునుంచి తలుపు తోస్తూ.